థండర్‌బర్డ్ 350 (2013): 70 దాటితే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నయి, మెకానిక్ ఇంజన్ దించాలంటున్నడు

పిడుగుపక్షి_ఉప్పల్ (శనివారం, రాత్రి 10:42)

అన్నలందరికి నమస్తే. బండి 2013 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350, కార్బొరేటర్ మోడల్. కొత్తది నేనే తీసుకున్న, ఇంకో చెయ్యి పడలే. ఇప్పటికి 84 వేలు తిరిగింది. 20 లీటర్ల టాంకి నింపుకొని శ్రీశైలం, హంపి, ఒకసారి అరకు, అన్నీ దీని మీదనే.

మూడు నెలల సంది సతాయిస్తుంది. స్లోలో నిలబెడితే పది కొట్లకు ఒక కొట్టు మింగుతది, మనిషి దగ్గినట్టు. ఆక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌ల పట్ పట్ మంటది. 70 దాటినంక ఫుట్‌రెస్టుల మీద కాళ్ళు తిమ్మిరెక్కుతున్నయి. అద్దంల చూస్తే ఎనక ఒక లారీ ఉంటే రెండు కనబడుతున్నయి. మైలేజి 35 ఇచ్చేది, 28కి పడ్డది.

ఇంజన్ ఆయిల్ 15డబ్ల్యూ50 మార్చిన, ఎయిర్ ఫిల్టర్ కొత్తది ఏసిన, కార్బొరేటర్ విప్పి కడిగిపిచ్చిన. ఏం ఫరక్ లేదు. మొన్న మా దగ్గరి మెకానిక్ స్టార్ట్ చేసి, రెండుసార్లు రేజ్ చేసి విని, "బోర్ పోయింది, ఇంజన్ దించాలె, 22 వేలు" అన్నడు. అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిందట. పొగ అయితే లేదు. ఆయిల్ తగ్గుతలేదు. ఇచ్చేయాల్నా?

కరీంనగర్_క్లచ్‌వైర్ (శనివారం, రాత్రి 11:05)

అన్నా, బుల్లెట్ ఇంజన్ అంటేనే వైబ్రేషన్. పన్నెండేండ్ల బండికి ఇంకేం పెడ్తవ్, అమ్మేసి ఎన్‌ఫీల్డ్‌దే మీటియర్ తీస్కో. దాంట్ల వణుకును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్నది, చాయ్ గ్లాస్ పెట్టినా తొణకది. లేదంటే ఒకసారి టాపెట్ (వాల్వులను కదిలించే ముక్క) సెట్టింగ్ చేపిచ్చి చూడు.

ఆటోనగర్_బాబాయ్ (ఆదివారం, ఉదయం 6:20)

తమ్ముడూ క్లచ్‌వైర్, ఈ ఇంజన్‌లో టాపెట్లు హైడ్రాలిక్, ఆయిల్ ఒత్తిడితో సందు వాటంతటవే సర్దుకుంటాయి. వాటికి సెట్టింగ్ ఏవిటి? పాత కాస్ట్ ఐరన్ బండి అలవాటుతో అన్నావు.

ఉప్పల్ అబ్బాయ్, పొగ లేదంటున్నావు, ఆయిల్ తాగట్లేదంటున్నావు. మరి రెండుసార్లు రేజ్ చేసి విన్నంత మాత్రాన బోర్ పోయిందని ఎలా తేల్చాడు? ఆయనది తప్పని నేను చూడకుండా అనలేను గానీ, 22 వేలు ఇచ్చే ముందు ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఒకవేళ ఎవరన్నా సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి "చూశావా, తక్కువుంది" అన్నా వెంటనే నమ్మకు. స్టార్టింగ్ తేలిక కోసం ఆ ఒత్తిడి కాస్త వదిలేసే డీకంప్రెసర్ పెట్టిన కామ్‌షాఫ్ట్ అయితే, మంచి బోర్ మీద కూడా గేజ్ తక్కువే చూపిస్తుంది.

నువ్వు రాసినదాంట్లో రెండు జబ్బులు కలిసిపోయాయి. కొట్టు మింగడం, పట్ పట్ మనడం, మైలేజి పడిపోవడం ఒక లెక్క. కాళ్ళు తిమ్మిరెక్కడం ఇంకో లెక్క. రెండూ ఒకేసారి వచ్చాయి కదా అని ఒకటే కారణం వెతికితే ఇల్లు గుల్లవుద్ది. నేను ముప్ఫై ఏళ్ళుగా లేత్ షాపులో చూస్తున్నదే ఇది.

ముందు వణుకు సంగతి. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 80కి పట్టుకెళ్ళు. వణుకు బాగా తెలిసేటప్పుడు క్లచ్ పట్టి ఆక్సిలరేటర్ వదిలెయ్యి. బండి అదే స్పీడులో దొర్లుతూ ఉంటుంది, ఇంజన్ మాత్రం స్లోకి వచ్చేస్తుంది. అప్పుడూ వణుకు ఉందంటే చక్రం, టైరు, బేరింగ్ వైపు చూడాలి. ఆగిపోయిందంటే ఇంజన్ వైపు. తర్వాత ఇంటి దగ్గర న్యూట్రల్‌లో, 80లో మీటరు ఎంత చూపిందో అంత ఆర్‌పీఎం దాకా లేపి, ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి చూడు. నిలబెట్టినప్పుడు కూడా అదే తిమ్మిరి వస్తే చైన్ సెట్టు, డ్రమ్ రబ్బర్లు కూడా లెక్కలోంచి పోయినట్టే.

ఇంకో గుర్తు చెప్తా. వెనక టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. 80లో సెకనుకి 22 మీటర్లు వెళ్తావు, అంటే చక్రం సెకనుకి 11 చుట్లు. ఇంజన్ 3600 ఆర్‌పీఎంలో సెకనుకి 60 చుట్లు. పదకొండు ఊపులంటే నడుముకి తెలుస్తుంది, సీటు మీద కుదిపినట్టు. అరవై అంటే చర్మానికి తెలుస్తుంది, జుమ్మని తిమ్మిరి. నీది తిమ్మిరి అంటున్నావు కాబట్టి నా అనుమానం ఇంజన్ వైపే. అయినా చేసి చూసి రాయి.

వైజాగ్_ఘాట్‌రోడ్ (ఆదివారం, ఉదయం 9:48)

గురూ, ఇదంతా ఎందుకు, పెట్రోలే అసలు దొంగ. ఇప్పుడు ఎక్కడ పోయించుకున్నా 20 శాతం ఇథనాల్. 2013 బండి రబ్బర్లు దానికోసం చేసినవా ఏటి? నా పాత బండిలో ఫ్లోట్ బౌల్ (కార్బొరేటర్ కింది పెట్రోల్ గిన్నె) ఓ-రింగ్ ఉబ్బిపోయి మళ్ళీ గాడిలో కూర్చోలేదు.

కార్బొరేటర్‌కీ హెడ్‌కీ మధ్యన ఉండే రబ్బరు చూడు. వయసొచ్చాక అడుగు పక్క పగుళ్ళు పడతాయి, పైనుంచి చూస్తే నిగనిగలాడుతూనే ఉంటాది. అక్కడ గాలి లాగితే మిక్చర్ పలచబడి నువ్వు చెప్పిన దగ్గూ, సైలెన్సర్ పట్ పట్ రెండూ వస్తాయి. చాలామంది కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు. వేడి ఇంజన్ మీద అది అంటుకుంటే బండితో పాటు మీసాలూ పోతాయి. మంగలి షాపులో జుట్టు తడిపే నీళ్ళ స్ప్రే ఉంటాది చూడు, అది చాలు. స్లోలో పెట్టి రబ్బరు చుట్టూ కొట్టు. శబ్దం మారితే దొంగ దొరికినట్టే.

కరీంనగర్_క్లచ్‌వైర్ (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

ఇథనాల్ గురించి కరెక్ట్ చెప్పినవ్ అన్నా. మా బావ కారు కూడా...

నిర్వాహకుడు (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

బావగారి కారు, పెట్రోల్ ధర, ప్రభుత్వ విధానం: వీటికి వేరే చర్చ నడుస్తోంది, ఆరు సందేశాలు అక్కడికి మార్చాను. ఇక్కడ ఈ బండి సంగతే.

పిడుగుపక్షి_ఉప్పల్ (ఆదివారం, రాత్రి 8:30)

బాబాయ్, పొద్దుగాల ఘట్‌కేసర్ దిక్కు పోయి చేసిన. 80ల మీటర్ మూడున్నర వేలు దాటి చూపెట్టింది. క్లచ్ పట్టంగనే తిమ్మిరి ఠక్కున బందైంది. బండి వెన్న లెక్క దొర్లింది. ఇంటికొచ్చి న్యూట్రల్‌ల అంతే లేపితే కాళ్ళకి సేమ్ తిమ్మిరి.

ఘాట్‌రోడ్ అన్నా, నీళ్ళు కొట్టిన. రబ్బరు చుట్టు, కింద, క్లాంపుల కాడ. శబ్దం ఏం మారలే. వేలు పెట్టి అడుగున కూడా తడిమి చూసిన, పగుళ్ళు లేవు.

ఆటోనగర్_బాబాయ్ (ఆదివారం, రాత్రి 9:55)

సరే. చక్రాలు, చైన్, ఇన్‌టేక్ రబ్బరు మూడూ తేలిపోయాయి. కొత్త సామాన్లు కొనకుండా ఇంత దూరం వచ్చాం.

ఇప్పుడు కొట్టు మింగడం చూద్దాం. నీ బండిలో ఒక సిలిండర్‌కి రెండు ప్లగ్గులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ దేనిది దానిదే. ఇందులో ఒక సుఖం, ఒక మోసం ఉన్నాయి. ఒక ప్లగ్గు చచ్చిపోయినా రెండోది బండిని లాక్కొస్తుంది, రోడ్డు మీద ఆగిపోవు. కానీ ఒక పక్క నుంచే మంట అంటుకుంటే అది సిలిండర్ అంతా పాకడానికి ఎక్కువ సేపు పడుతుంది. స్లోలో అప్పుడప్పుడూ అంటుకోకుండానే పోతుంది. ఆ కాలని పెట్రోలు వేడి సైలెన్సర్‌లోకి వెళ్ళి అక్కడ పట్ మంటుంది. మైలేజి అక్కడే పోతోంది. ఆగిపోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, నెలల తరబడి అలాగే తిప్పుతారు.

పరీక్ష చాలా తేలిక, కానీ జాగ్రత్త. నడుస్తున్న బండిలో ప్లగ్ క్యాప్ (ప్లగ్గు నెత్తిన ఉండే వైరు తొడుగు) చేత్తో పీకకు. వేల వోల్టులు ఉంటాయి, నీకు షాకు, కరెంటుకి దారి దొరక్క కాయిల్‌కీ దెబ్బ. బండి ఆపి, ఒక కాయిల్‌కి వచ్చే సన్న వైరు కనెక్టర్ తీసి, స్టార్ట్ చేసి విను. తర్వాత దాన్ని పెట్టి రెండోది తియ్యి. రెండూ బాగుంటే ఏది తీసినా బండి కాస్త డల్ అయ్యి నడవాలి. ఒకటి తీసినప్పుడు ఏం తేడా రాకపోతే, ఆ పక్క ముందునుంచే పనిచెయ్యట్లేదని అర్థం.

డల్లాస్_రెక్కలబండి (సోమవారం, ఉదయం 7:10)

బాబాయ్ గారి మాటకి నా అనుభవం జోడిస్తాను. నా దగ్గర 1983 హోండా గోల్డ్ వింగ్ జీఎల్1100 ఉంది, పడుకోబెట్టిన నాలుగు సిలిండర్లు, 1085 సీసీ. కొన్న కొత్తలో స్లోలో గేదె తల ఊపినట్టు ఊగేది. నేను ఆ నాలుగు కార్బొరేటర్లనీ ట్యూన్ చేయిస్తూ మూడు వారాంతాలు పోగొట్టుకున్నాను. చివరికి మా పక్కింటి పెద్దాయన చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఆగి, నాలుగు ఎగ్జాస్ట్ గొట్టాల మీదా తలా రెండు చుక్కల నీళ్ళు పోశాడు. మూడింటి మీద చుయ్‌మన్నాయి. ఎడమ ముందు గొట్టం మీద నీళ్ళు మెల్లగా జారిపోయాయి. అది అసలు మండటమే లేదు. మూడు కాళ్ళ మంచం మీద కూర్చుని దుప్పటి సర్దుతున్నాను అన్నమాట.

చివరికి పోయింది ప్లగ్ క్యాప్ లోపలి రెసిస్టర్. ప్లగ్గులు రెండుసార్లు మార్చాను కానీ క్యాప్ ఎప్పుడూ చూడలేదు. మీ దానికి సిలిండర్ ఒకటే కాబట్టి నీళ్ళ చుక్క పరీక్ష కుదరదు, బాబాయ్ గారు చెప్పిన కనెక్టర్ పద్ధతే సరి. మండని ప్లగ్గు దొరికితే మాత్రం కొత్తది కొనే ముందు రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడండి. జబ్బు ప్లగ్గుతో పాటు పక్క మారిందా, అక్కడే ఉండిపోయిందా అన్నదాన్ని బట్టి తప్పు ప్లగ్గుదో దాని వెనకాల దానిదో తెలుస్తుంది.

పిడుగుపక్షి_ఉప్పల్ (సోమవారం, రాత్రి 9:17)

దొరికింది!!

ఎడమ కనెక్టర్ తీస్తే బండి స్టార్టే కాలే. కుడిది తీస్తే స్టార్ట్ అయింది, ఇన్ని దినాలు ఎట్ల నడిచిందో అట్లనే, దగ్గుకుంట. అంటే మూడు నెలల సంది ఒక్క ప్లగ్గు మీద తిరుగుతున్న!

ప్లగ్గులు తీసిన. ఎడమది ఇటుక రంగుల ఉన్నది. కుడిది మసి పట్టి నల్లగ, తడి తడిగ, ముక్కు కాడ పెడితే పెట్రోల్ వాసన. డల్లాస్ అన్న చెప్పినట్టు అటూ ఇటూ మార్చిన. నల్లది తుడిచి ఎడమ దిక్కు పెడితే మంచిగ కొట్టింది. ప్లగ్గు తప్పు కాదు. కుడి క్యాప్‌ను వైరు మీదికెళ్ళి మర తిప్పి తీసిన. వైరు కొస పచ్చగ, పాత రాగి చెంబుకు పట్టిన చిలుము లెక్క. మీటర్ పెట్టి చూస్తే క్యాప్ ఏం చూపెడుతలేదు. ఎడమది 5 వేల ఓమ్‌ల కాడ చూపెట్టింది.

వైరు అర సెంటీమీటర్ కోసి, కొత్త రాగి బయటికి తీసి, కొత్త క్యాప్ పెట్టిన. ప్లగ్ గ్యాప్ 0.7 మిల్లీమీటర్లు చేసిన. స్లో ఇప్పుడు గడియారం లెక్క కొడుతుంది. పట్ పట్ కూడ బందైంది. పోయిన వానాకాలం సంది సర్వీస్ సెంటర్ బయట ప్రెషర్ వాటర్‌తోని కడిగిపిస్తున్న, బహుశా అదే.

కానీ బాబాయ్, తిమ్మిరి పోలే. ఒక రవ్వ తగ్గిందేమో గంతే. 80 కాడ ఇంక లారీలు రెండే.

కరీంనగర్_క్లచ్‌వైర్ (సోమవారం, రాత్రి 9:40)

నేను చెప్పలే? బుల్లెట్ అన్నంక గంతే.

ఆటోనగర్_బాబాయ్ (సోమవారం, రాత్రి 10:30)

గంతే కాదు తమ్ముడూ. ఆ ఇంజన్‌కి పుట్టుకతో ఒక వణుకు ఉంది, నిజమే. పిస్టన్ స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, బోర్ 70. పొడుగు స్ట్రోక్, ఒంటి సిలిండర్, బ్యాలెన్సర్ లేదు. అంత పిస్టన్ సెకనుకి అరవై సార్లు పైకెళ్ళి ఆగి, అరవై సార్లు కిందకొచ్చి ఆగాలి. పిస్టన్ తిప్పే ఇరుసు, అదే క్రాంక్, దానికి బరువులు కట్టి ఆ ఊపుని తూకం చేస్తారు, కానీ పూర్తి బరువు కడితే పైకీ కిందకీ ఊపు పోయి, అదే ఊపు ముందుకీ వెనక్కీ మొదలవుతుంది. అందుకని సగం దగ్గర ఎక్కడో ఆపుతారు. మిగతా సగం ఫ్రేమ్ భరించాలి.

అసలు సంగతి ఏవిటంటే, పుట్టువణుకు రాత్రికి రాత్రి పెరగదు. ఇన్నేళ్ళు లేనిది మూడు నెలల క్రితం వచ్చిందంటే, ఇంజన్‌ని ఫ్రేమ్ పట్టుకున్న పట్టు సడలి ఉండాలి. ఇంజన్, ఫ్రేమ్ ఒకే ముద్దగా ఉన్నంతసేపూ ఆ ఊపు మొత్తం బండి బరువు మీద పంచుకుంటుంది. ఒక బోల్టు వదులైతే ఇంజన్ తనంతట తాను సుత్తిలాగా కొడుతుంది.

పానా పట్టుకోక ముందు కళ్ళతో చూడు. ఇంజన్ ముందు ప్లేట్లు, వెనక బోల్టులు, హెడ్ నుంచి పైన ఫ్రేమ్‌కి వెళ్ళే పట్టీ. ప్రతి నట్టు చుట్టూ టార్చి వేసి చూడు. వదులైన చోట ఇనుము ఇనుమూ ఒరుసుకుని ఎర్రటి సన్న పొడి రాలుతుంది, కుంకుమ ఒలికినట్టు. కడిగినా వారంలో మళ్ళీ వస్తుంది. ఆ పొడి దొరికితే నట్టు బిగించెయ్యకు, ఎందుకు వదులైందో చూసి అప్పుడు బిగించు. ఈ మూడు నెలల్లో గానీ, అంతకు ముందు గానీ ఆ చుట్టుపక్కల ఏమన్నా విప్పించావా?

పిడుగుపక్షి_ఉప్పల్ (మంగళవారం, రాత్రి 11:48)

బాబాయ్, నీ ప్రశ్న చదవంగనే నాకు చెమట పట్టింది. సంక్రాంతి ముందల కొత్త లెగ్‌గార్డ్ వేసుకున్న. షాపుల కాదు, నేనూ మా దోస్తూ ఇంటి కాడనే. దాని కింది పట్టీ ఇంజన్ ముందు బోల్టుకే పట్టింది.

ఇప్పుడే పార్కింగ్‌ల కూసున్న. మా వాచ్‌మన్ తాత ఫోన్ లైట్ పట్టిండు. కుడి దిక్కు ఏం లేదు. ఎడమ దిక్కు గార్డ్ పట్టీ ఎనక, నట్టు చుట్టు, నువ్వు చెప్పినట్టే ఎర్రపొడి. వేలితోని తుడిస్తే వేలు ఎర్రగైంది. తాత చూసి "బొట్టు పెట్టినవా బండికి" అన్నడు. నట్టు చేతితోనే కదిలింది బాబాయ్. పానా పెట్టనే లేదు.

ఎందుకు వదులైందో చూడమన్నవ్ కదా, విప్పిన. అది లోపల నైలాన్ రింగ్ ఉన్న నట్టు. గార్డ్ పట్టీ మందం ఐదు మిల్లీమీటర్ల పైన ఉన్నది. అంత మందం బోల్టు పొడవుల పోయింది, మేం పాత బోల్టే వాడినం. నట్టు పట్టింది గానీ బోల్టు మరలు నైలాన్ దాకా చేరనే లేదు. పట్టి ఆపేది ఏం లేకుంట నట్టు ఉత్తగ ఏలాడుతుంది. ఆనాడు మేం "టైట్ అయింది" అని చాయ్ తాగినం.

గార్డ్ తీసేసిన. కొత్త నట్టు తెస్త రేపు.

వైజాగ్_ఘాట్‌రోడ్ (బుధవారం, ఉదయం 6:52)

హహ్హ, బొట్టు పెట్టిన తాతకి నా తరఫున ఒక టీ ఇప్పించు గురూ. పెట్రోల్ మీద నేను పెట్టిన కేసు కొట్టేసినట్టేనా?

ఆటోనగర్_బాబాయ్ (బుధవారం, ఉదయం 7:05)

కొట్టేశాం.

అబ్బాయ్, ఆ ఒక్క నట్టు బిగించి వదిలెయ్యకు. ఇన్నాళ్ళు ఒక పక్క వదులుగా కొట్టుకుంది కాబట్టి ఇంజన్ తన చోటు నుంచి ఒక వెంట్రుక వాసి జరిగి ఉంటుంది. పై పట్టీ వదులు చెయ్యి. మిగతా మౌంటింగ్ నట్లన్నీ ఒక చుట్టు వదులు చేసి, ఇంజన్ తన బరువుతో తను కూర్చోనివ్వు. అప్పుడు కింద నుంచి పైకి, కొద్దికొద్దిగా, అటొకటి ఇటొకటి బిగించు. హెడ్ పట్టీ ఆఖరున. దాన్ని ముందు బిగిస్తే ఇంజన్‌ని మెడ పట్టుకుని లాగినట్టవుతుంది, అది మళ్ళీ ఇంకో వణుకు. ఎంత బిగువో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ పానా అద్దెకి తెచ్చుకో, దండ బలం చూపించకు. పాత బోల్టు ఒరుసుకుపోయి నడుం సన్నబడిందేమో చూడు, అలా ఉంటే అది కూడా మార్చు.

బిగించాక నట్టు మీద నుంచి ప్లేటు మీదకి ఒక గీత గియ్యి. పెయింటు లేకపోతే ఇంట్లో నెయిల్ పాలిష్. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి చూడు.

పిడుగుపక్షి_ఉప్పల్ (మరుసటి సోమవారం, రాత్రి 8:05)

ఆలస్యమైంది, ఏమనుకోకుండ్రి. ఆదివారం శ్రీశైలం పోయొచ్చిన. మన్ననూర్ చెక్‌పోస్ట్ పొద్దుగాల ఆరింటికి తీస్తరు కదా, నేను పోయేసరికి క్యూ ఉన్నది. నల్లమలల పొగమంచు, బండి 60 మీద ఏం తెలుస్తలేదు. వాపస్ వచ్చేటప్పుడు దిండి దాటినంక ఖాళీ రోడ్డు దొరికితే 80 పెట్టిన. అద్దంల ఒక లారీ ఉన్నది, ఒక్కటే కనబడ్డది. 90 కాడ జుమ్మనుడు ఇంక ఉన్నది, అది కొత్తగ ఉన్నప్పుడు కూడ ఉండె.

మైలేజి టాంకి టు టాంకి లెక్కేసిన, 34. మొత్తం ఖర్చు క్యాప్, రెండు ప్లగ్గులు, బోల్టులు నట్లు, టార్క్ పానా కిరాయి కలిపి వెయ్యి దాటలే. మా ఇంటామె నెయిల్ పాలిష్ ఖర్చు వేరే రాసింది. మెరూన్ రంగు గీతలు, ఒక్కటి విరగలే.

మెకానిక్ దగ్గరికి పోయి చెప్పిన. తప్పు పట్టనీకి కాదు, క్యాప్ చూపెట్టిన. తిప్పి తిప్పి చూసి, "రెండు ప్లగ్గుల బండ్లల్ల ఇదొకటుంటది" అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు.

డల్లాస్_రెక్కలబండి (మరుసటి మంగళవారం, ఉదయం 6:30)

పాత క్యాప్ పారెయ్యకండి. నాది గరాజ్ గోడకి మేకు కొట్టి వేలాడదీశాను. ఎప్పుడన్నా కార్బొరేటర్ విప్పబుద్ధి అయితే ముందు దాని వంక చూస్తాను.

కరీంనగర్_క్లచ్‌వైర్ (మరుసటి మంగళవారం, రాత్రి 10:12)

బాబాయ్, ఒక చిన్న డౌటు. నా బండి 2011 క్లాసిక్. ఊరికే ఇయ్యాల లైట్ కొట్టి చూసిన. హెడ్ మీది పట్టీ కాడ ఎర్రపొడి ఉన్నది. ఏ సైజు పానా తేవాలె?

ఆటోనగర్_బాబాయ్ (మరుసటి మంగళవారం, రాత్రి 10:20)

ముందు ఫోటో పెట్టు. అమ్మెయ్యమని నేననను.